గంధం పెట్టిన ఏడు ఫ్లాపీలు

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ సామెత నా కోసమే పుట్టిందని మా అమ్మ అనేది. ఎనభైల చివర్లో నేను పాండిచ్చేరిలో చిన్న షాపులకు కంప్యూటర్లు పెట్టించి, వాటి బాగోగులు చూసుకొనే పని చేసేవాణ్ణి. కార్డు మీద కన్సల్టెంట్ అని అచ్చు వేయించుకొన్నాను. ఒర్లియంపేటలో నాకు గది అద్దెకిచ్చిన ఆయన మాత్రం "యానాం నించి వచ్చినోడు, టీవీ మాదిరి ఉంటాదే, అది రిపేరు చేస్తాడు" అని అందరికీ చెప్పేవాడు. రెండు మూడుసార్లు కోపం తెచ్చుకొని సరిదిద్దాను. తర్వాత విసుగొచ్చి ఊరుకొన్నాను.

ఆ రోజుల్లో సర్వర్ అంటే గదంత పెట్టె కాదు. టేబుల్ కింద ఒక పెద్ద మెషీన్, దానికి తగిలించిన రెండు మూడు తెరలు, అంతే. సరుకు వివరాలన్నీ ఆ పెద్ద మెషీన్‌లో ఉంటాయి. కౌంటరు దగ్గరి తెర అడిగినా గోడౌన్‌లోని తెర అడిగినా అదే తీసి ఇస్తుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మద్రాసు నుంచి వచ్చేది. ఏడాదికో, ఏడాదిన్నరకో కొత్త వెర్షన్ బస్సు పార్సిల్లో దిగేది. పార్సిల్ వచ్చిందని తెలిస్తే నాకు కాలు నిలిచేది కాదు.

అట్టపెట్టెలో ఫ్లాపీలు, ఇటుకంత మందాన పుస్తకం, వాటితో పాటు పల్చటి కాగితం ఒకటి ఉండేది. ఈ వెర్షన్‌లో ఏమేం కొత్తగా చేర్చారో, ఏమేం సరిచేశారో అందులో వరసగా రాసి ఉండేది. నా ప్రాణమంతా ఆ కాగితం మీదే. టీ కొట్టు బల్ల మీద కూర్చుని, జనం వారపత్రికలో సీరియల్ చదివినట్టు చదివేవాణ్ణి. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది ఎందుకు చేర్చారబ్బా అని ఆలోచించేవాణ్ణి. ఎవరో ఎక్కడో నెత్తీ నోరూ కొట్టుకొని ఉత్తరం రాస్తేనే కదా ఇక్కడ ఒక వాక్యం పుట్టేది! ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం పోగొట్టుకొన్నాడు అని ఊహించుకొనేవాణ్ణి. టీ చల్లారిపోయేది.

ఆ ఏడు వచ్చిన కాగితంలో ఒక వాక్యం నన్ను బాగా పట్టుకొంది. పాత వెర్షన్‌లో ఒక సరుకు నంబరు రెండోసారి ఎక్కిస్తే, కిక్కురుమనకుండా ముందున్న దాన్ని చెరిపేసి కొత్తది రాసుకొనేది. కొత్త వెర్షన్ అలా చెయ్యదట. పాతది తెర మీద చూపించి, "ఇది ఇదివరకే ఉంది, దీని మీద రాయమంటారా?" అని అడుగుతుందట. రెండు తెరల ముందు ఇద్దరు కూర్చుని ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేసుకొనే షాపులకు అది వరం. నాకు వెంటనే ఉప్పళం అక్క గుర్తొచ్చింది.

ఉప్పళం దాటి తేంగాయితిట్టు పోయే దారిలో పడవ ఇంజన్ల స్పేర్ పార్టుల షాపు ఆవిడది. తరాల క్రితం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు వర్తకుల కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని, అక్షరాలు మాత్రం అరవం, ఇంగ్లీషే వచ్చు. మొదటి రోజు నేను "మేడమ్" అంటే, "మేడమ్ ఏంది, అక్క అను చాలు" అంది. అప్పటి నుంచి అక్కే. భర్త స్కూలు మాస్టారు, షాపు జోలికి రాడు. షాపు ఆవిడ తండ్రిది. మేమందరం ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం.

ఆ షాపులో నాలుగు గోడలకీ నేల నుంచి పైకప్పు దాకా చెక్క సొరుగులు. వాటి మీద పేర్లు లేవు, నంబర్లే. ఏ సొరుగులో ఏముందో, ఏ పడవకి ఏది పడుతుందో పెద్దాయన తలలోనే ఉండేది. నీలం చార పడవ ఇంజన్‌కి షాఫ్టు మార్చారు కనక మీద తొడిగే మామూలు బుష్ వదులవుతుంది, దానికి పద్నాలుగో సొరుగులోది ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది ఇవ్వాలి. ఇటువంటివి కొన్ని వందలు. తప్పు బుష్ ఇస్తే షాపులో ఏమీ కాదు. సముద్రం మీద పడవ ఆగిపోతుంది.

పెద్దాయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పుడు అక్క భయపడి నన్ను పిలిపించి మెషీన్ పెట్టించుకొంది. ఎనిమిది నెలలు ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, అక్క ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టడం. ఆఖరి సొరుగు ఎక్కిన రెండు వారాలకి రెండోసారి వచ్చింది. ఈసారి మాట పోయింది. బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది, కళ్ళలో తెలిసేది. షాపు వెనకే ఇల్లు కావడంతో, షాపుకీ ఇంటికీ మధ్య గోడ పక్కన పేము కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఆయన చెప్పిందంతా ఆ మెషీన్‌లో ఉంది. ఇంకెక్కడా లేదు. ప్రింటర్ తర్వాత కొందామనుకొన్నారు.

కొత్త వెర్షన్ గురించి చెప్పగానే అక్క ఒప్పుకొంది. అయితే మంచిరోజు కావాలంది. ఆయుధపూజ మర్నాడు విజయదశమి, కొత్త పనికి అంతకంటే మంచిరోజు ఏముంది అంది. నాకూ నచ్చింది. ఈ వెర్షన్ సరుకు వివరాలను వేరే పద్ధతిలో దాచుకొంటుంది. కాబట్టి మెషీన్‌లోని డిస్కు పూర్తిగా తుడిచి, కొత్తది ఎక్కించి, తర్వాత వివరాలన్నీ ఫ్లాపీల నుంచి మళ్ళీ లోపలికి పంపాలి. అందుకని పూజకు ముందు రోజే వెళ్ళి మెషీన్‌లో ఉన్నదంతా ఏడు ఫ్లాపీలకు ఎక్కించాను. ఏడూ చదివించి చూశాను. చక్కగా చదివింది. రెండో జత కూడా తియ్యమని పుస్తకంలో రాసి ఉంది. ఖాళీ ఫ్లాపీలు మద్రాసు నుంచి రావాలి. అవి వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు.

ఏడు ఫ్లాపీలూ అక్క చేతిలో పెట్టి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

"ఇవి మెషీన్ కన్నా ముఖ్యం అక్కా. మెషీన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఇవి పోతే మీ నాయనగారి మాటలు పోయినట్టే. అయస్కాంతం దగ్గర పెట్టకండి, వంచకండి, ఎండ తగలనివ్వకండి. ఇదిగో, ఈ కోలగా కిటికీలా ఉందే, నల్లగా కనిపిస్తోందే, ఇక్కడ వేలు అస్సలు తగలకూడదు."

"సరి తమ్ముడా" అని కళ్ళకద్దుకొని తీసుకొంది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

విజయదశమి పొద్దున వెళ్ళేసరికి గుమ్మంలో ముందురోజు పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్కలు, కుంకుమ మరకలు. తలుపుకి రెండువైపులా అరటి పిలకలు. తక్కెడకి, స్పానర్లకి, ఆకురాళ్ళకి, మెషీన్ నెత్తిన, రెండు తెరలకి గంధం బొట్లు. నాకు మరమరాలు, బెల్లం, శనగపప్పు పెట్టింది అక్క. అవి నములుతూనే మెషీన్ ముందు కూర్చుని, డిస్కు తుడవమని ఆజ్ఞ ఇచ్చాను. నిజంగానా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. అరగంటలో డిస్కు కడిగిన పళ్ళెంలా అయింది. కొత్త వెర్షన్ ఫ్లాపీలు ఒక్కొక్కటీ లోపలికి పంపుతున్నాను. మూడోది పెట్టబోతుంటే అక్క గంధం గిన్నెతో వచ్చింది.

"కొత్తవాటికి మాత్రం బొట్టు వద్దా? పాపం, అవి ఏం చేసినాయి?"

నేను నవ్వి, "లేబుల్ మీద పెట్టండక్కా, ఇంకెక్కడా పెట్టకండి" అన్నాను.

"లేబుల్ మీదా? నేను వాటికి మొగానికి పెట్టినానే."

"వాటికి అంటే?"

"నువ్విచ్చిన ఏడిటికీ. మెషీన్ కంటే ముఖ్యం అన్నావు గదా, అందుకే సామి పక్కనే పెట్టినా."

మరమరాలు నోట్లోనే ఉండిపోయాయి. ఆవిడ వెళ్ళి పెట్టె తెచ్చింది. ఏడు కాగితపు తొడుగులు, వాటిలో ఏడు ఫ్లాపీలు. ప్రతి దానికీ సరిగ్గా ఆ కోల కిటికీ మధ్యలో, నల్లటి రేకు మీద గుండ్రంగా ఎండిపోయిన గంధం, దాని నడుమ కుంకుమ. ఎంత పొందికగా పెట్టిందో!

నేను అరిచాను. దాచడం ఎందుకు, గట్టిగానే అరిచాను. ఎవరైనా ఫ్లాపీకి బొట్టు పెడతారా, బుద్ధుండక్కర్లేదా అని. కౌంటరు దగ్గరున్న ఇద్దరు జాలర్లు తిరిగి చూశారు. అక్క గొంతు పెంచలేదు.

"వేలు తగలకూడదన్నావు. తగల్లే. అగ్గిపుల్లతో పెట్టినా" అంది. మళ్ళీ, "బొట్టు పెట్టొద్దని చెప్పినావా నువ్వు?" అని అడిగింది.

చెప్పలేదు. ఆయుధపూజ నాడు అన్నిటికంటే విలువైన పనిముట్టుకి అన్నిటికంటే ముందు గంధం పెడతారని నాకు తెలీదా? మా యానాంలోనూ సైకిల్ దగ్గర్నుంచి కత్తిపీట దాకా పెట్టేవాళ్ళమే. ఇది అన్నిటికంటే విలువైన పనిముట్టు అని చెప్పిందీ నేనే. పూజకు ముందురోజు తెచ్చి చేతిలో పెట్టిందీ నేనే. నాకు సిగ్గేసింది. మధ్య గోడకు అవతల పెద్దాయన కుర్చీ కిర్రుమంది. అంతా విన్నాడన్న మాట. అక్క అటు చూసి, నా వైపు తిరిగి, నెమ్మదిగా అడిగింది.

"నాయన చెప్పిందంతా పోయిందా తమ్ముడా?"

తెలీదన్నాను. అదే నిజం. అలాగే మెషీన్‌లో పెడితే ఆ గంధం ఫ్లాపీని చదివే లోపలి సూదికి అంటి, ఫ్లాపీనీ మెషీన్‌నీ కూడా గీకేస్తుంది. పెట్టకపోతే చదవదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్టు, పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. అంతమంది ఏడుపుల మీద పుట్టిన ఆ పల్చటి కాగితంలోనూ గంధం గురించి ఒక్క ముక్క లేదు. ఈ కష్టం ఈ ప్రపంచంలో మాకే వచ్చినట్టుంది.

అప్పుడు నాలో ఒక పురుగు తొలిచింది. ఇంత జరిగాక కూడా కుతూహలం ఏమిటని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకొన్నాను. ఫ్లాపీ లోపల ఉండేది పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ. నీళ్ళు తగిలితే దానికేమవుతుంది? ఎవరైనా చూశారా? కొత్త వెర్షన్‌లో మిగిలిన ఫ్లాపీలు కూడా పంపి ముందు మెషీన్ సిద్ధం చేశాను. నా సంచిలో అవసరం తీరిన పాత ఫ్లాపీలు నాలుగున్నాయి. ఒకదాన్లో ఏదో నింపి, అక్క చేతికిచ్చి, "దీనికీ అలాగే పెట్టండి, అగ్గిపుల్లతో" అన్నాను. ఆవిడ వింతగా చూసి, పెట్టింది. ఫ్యాను కింద ఎండబెట్టాం. తర్వాత బ్లేడుతో దాని ప్లాస్టిక్ తొడుగు అంచు కోసి, నల్లటి బిళ్ళ బయటికి లాగాను. సబ్బునీళ్ళతో గుండ్రంగా రుద్ది కడిగి, ఆరబెట్టి, ఇంకో ఫ్లాపీ తొడుగులో దూర్చి మెషీన్‌లో పెట్టాను. చదవలేదు. బిళ్ళ మీద కుంకుమ జిడ్డు వలయంలా పరుచుకొని ఉంది.

అక్క నా భుజం మీదుగా చూసి, "అట్ల రుద్దితే గలీజు ఊరంతా తిప్పినట్టు గదా. తప్పుకో" అంది.

డీజిల్ ఇంజన్ల నాజిళ్ళు చిన్నప్పటి నుంచి తుడిచిన చేతులు ఆవిడవి. షాపులో అమ్మే బ్యాటరీ నీళ్ళ సీసా తెరిచింది. అందులో ఉప్పూ సున్నమూ ఉండవు, మరక పడదు అంది. పాత మల్లు గుడ్డ చిన్న ముక్క తీసుకొని, ఒక్క చుక్క సబ్బునీళ్ళతో అదే బిళ్ళని మధ్య నుంచి అంచుకి, మధ్య నుంచి అంచుకి, ఒక్కో గీతా ఒక్కసారే తుడిచింది. ప్రతి గీతకీ గుడ్డ మడత మార్చింది. తర్వాత బ్యాటరీ నీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టింది. మెషీన్‌లో పెట్టాను. అది గుర్రుమని, ఆగి, మళ్ళీ గుర్రుమని చదివేసింది. నేను కుర్చీలోంచి లేచి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

"ఒళుంగా, పద్ధతిగా చేస్తే అన్నీ వస్తాయి" అంది అక్క, అదేదో నాజిల్ అయినట్టు.

మధ్యాహ్నం భోజనాలు మానేసి ఏడూ కడిగాం. ఒక్కో ఫ్లాపీలో కొన్ని సొరుగుల వివరాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వచ్చాయి. ఐదోది రాలేదు. మళ్ళీ కడిగాం, రాలేదు. ఆరు, ఏడు వచ్చాయి. ఐదో దాని మీద అగ్గిపుల్ల మొన గీసుకొని సన్నటి గాటు పడిందని వెలుగులో పట్టి చూస్తే కనిపించింది. వెనక గోడ సొరుగులు, సుమారు నలభై, అందులో ఉన్నాయి.

"మిగిలినవన్నీ వచ్చినాయి గదా" అని నన్ను ఓదార్చింది అక్క. కాని ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "ఇంక ఆయన చెప్పలేడు తమ్ముడా. యాడికి పోయి అడిగేది?"

అప్పుడు నేను అన్న మాట తెలివితో అన్నది కాదు, ఉక్రోషంతో అన్నది. "చెప్పలేరు సరే. మనం చెబితే కాదనగలరు కదా!"

మర్నాడు పొద్దున నేనూ మాస్టారుగారూ కలిసి పెద్దాయన్ని పేము కుర్చీతో సహా ఎత్తి, షాపులో వెనక గోడ ఎదురుగా దించాం. అక్క ఒక సొరుగు లాగి, అందులోది పైకెత్తి చూపించి, పడవల పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది. ఆయన ఎడమచేత్తో కుర్చీ మీద ఒకసారి కొడితే అవును. వేలు విదిలిస్తే కాదు. ఏదైనా అరగదీసి వాడాలంటే ఆకురాయి వైపు చూపించేవాడు. ఒక బుష్ తలకిందులుగా పట్టుకొన్నందుకు అక్క మీద కళ్ళెర్ర చేశాడు. ఒక గాస్కెట్ దగ్గర మేం వరసగా పదకొండు పడవలు చెప్పి అలిసిపోతే, నోరు తెరుచుకొని నిశ్శబ్దంగా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. నేను కొడుతూ కూర్చున్నాను. ఒక రోజు పట్టింది, రెండో రోజు సగం పట్టింది. ఆఖరి సొరుగు అయిపోయింది.

"హమ్మయ్య" అని లేచి, కుర్చీ ఎత్తడానికి మాస్టారుగారిని కేకేశాను. పెద్దాయన కుర్చీ మీద గట్టిగా కొట్టాడు. ఎడమచెయ్యి చాపి, పక్క గోడ మొదటి వరస చూపించాడు.

"అవి పోలేదండీ, భద్రంగా ఉన్నాయి" అన్నాను.

ఆయన మళ్ళీ కొట్టాడు. అక్క నా పక్కకి వచ్చి, ఆయనకు వినబడకుండా అంది. "ఇదంతా మెషీన్‌లో ఎక్కించినంక ఈయన్ని ఎవరూ ఏమీ అడగలే తమ్ముడా. నేను కూడా అడగలే. భోజనం చేస్తావా, పండుకొంటావా, అంతే." ఆ మాట అనేసి ముక్కు చీదుకొని, గబగబా వెళ్ళి ఆ వరసలో మొదటి సొరుగు లాగింది.

నేను మళ్ళీ మెషీన్ ముందు కూర్చున్నాను. సొరుగు నంబరు కొట్టాను. కాగితంలో రాసినట్టే కొత్త వెర్షన్ పాత వివరం తెర మీద చూపించి, ఇది ఇదివరకే ఉంది, దీని మీద రాయమంటారా అని అడిగింది. టీ కొట్టులో అంత ఆశగా చదివిన వాక్యాన్ని తెర మీద చూడటం అదే మొదటిసారి. అక్క తెర మీది పేర్లు చదివింది. ఎర్ర పడవ అంటే కొట్టాడు. పచ్చ పడవ అనగానే వేలు విదిలించాడు.

"ఏంది నాయినా, నువ్వే గదా చెప్పినావు పచ్చ పడవకి ఇదేనని?"

ఆయన మళ్ళీ విదిలించాడు. కౌంటరు వైపు చూపించాడు. అక్కడ గ్రీజు డబ్బా కోసం నిలబడిన జాలరిని అక్క అరవంలో అడిగింది. పచ్చ పడవ ఇంజన్ మార్చి మూడు నెలలైందట. ఈ కౌంటరు దగ్గరే నిలబడి నలుగురూ దాని గురించి అరగంట మాట్లాడుకొన్నారట. గోడకి అవతల కుర్చీలో కూర్చుని ఆయన విన్నాడు. మెషీన్ వినలేదు, మేమూ వినలేదు.

అక్క నా వైపు చూసింది. "రాయి తమ్ముడా" అంది.

అవును అని నొక్కాను. తర్వాత రెండో సొరుగు. మాస్టారుగారు గుమ్మంలోకి వచ్చి, కుర్చీ లోపలికి తీసుకుపోదామా అని అడిగారు. అక్క వద్దని చెయ్యి ఊపింది. ఆ కుర్చీ ఆయన ఉన్నన్నాళ్ళూ షాపులోనే ఉంది.